అందరూ రక్షింపబడుదురా? సార్వత్రిక రక్షణ వాదంపై ఒక విమర్శ – కోనసీమ సంఘాల నేపథ్యంలో

మానవులందరూ, ఒక్కరైనా మిగలకుండా, చివరకు క్రీస్తునందు రక్షింపబడతారు అనే బోధను సార్వత్రిక రక్షణ వాదం అంటారు. మూడవ శతాబ్దంలో ఓరిగెను ఈ ఆలోచనకు రూపమిచ్చాడు. నాల్గవ శతాబ్దంలో నిస్సావాడైన గ్రెగరీ దానిని మరింత స్పష్టంగా చెప్పాడు. మన కాలంలో రాబ్ బెల్ 2011లో ప్రచురించిన 'లవ్ విన్స్' దానిని సామాన్య పాఠకుల వరకు తెచ్చింది. డేవిడ్ బెంట్లీ హార్ట్ 2019లో ప్రచురించిన 'దట్ ఆల్ షల్ బీ సేవ్డ్' వేదాంత విద్యార్థుల మధ్య గట్టి చర్చను రేపింది. ఈ గ్రంథాల సారాంశం ఇప్పుడు తెలుగు ప్రసంగాలలోను, యౌవనస్థుల కూడికలలోను వినబడుతున్నది. కాబట్టి దీనిని వాక్యపు వెలుగులో పరిశీలించడం సంఘకాపరులకు, సెమినరీ విద్యార్థులకు అవసరమని మేము భావిస్తున్నాము.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది రెండు మాటలు. అందరూ తప్పక రక్షింపబడతారని ప్రకటించే అధికారం లేఖనం మనకు ఇవ్వలేదు. అలాగే ఫలానా మనిషి నశించాడని అతని సమాధి దగ్గర నిలిచి తీర్పు చెప్పే అధికారం కూడా మనకు ఇవ్వలేదు. మొదటి మాట సార్వత్రికవాదులకు, రెండవ మాట మనకు, అంటే సువార్తిక బోధకులకు, చెప్పవలసినది.

1. కోనసీమలో ఈ ప్రశ్న ఎక్కడినుండి వస్తున్నది?

1836లో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు దేశం విడిచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు మచిలీపట్నం చేరి, తరువాత నర్సాపురంలో స్థిరపడ్డారు. నర్సాపురం వశిష్ఠ గోదావరికి పడమటి ఒడ్డున ఉన్నది. రేవు దాటితే సఖినేటిపల్లి, రాజోలు, అంటే కోనసీమ. గోదావరి డెల్టా మిషను అని పేరుపొందిన ఆ పరిచర్య ఫలాలు నేటికీ లంక గ్రామాలలోని సహవాసాలలో కనబడతాయి. తరువాతి కాలంలో లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు కూడా ఈ నేలమీద నాటబడ్డాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఒకే వీధిలో రెండు మూడు సంఘాల మందిరాలు ఉండడం మనమెరిగినదే.

ఈ చరిత్రకు ఒక సహజమైన పరిణామం ఉన్నది. తరతరాలుగా విశ్వాసంలో ఉన్న కుటుంబానికి కూడా, నాలుగైదు తరాల వెనుకకు వెళితే, సువార్త వినకుండా మరణించిన పితరులు ఉన్నారు. ఈ తరంలో విశ్వాసంలోనికి వచ్చిన కుటుంబంలోనైతే తండ్రి గాని, అత్త గాని, పెద్దన్న గాని ఇంకా బయటనే ఉంటారు. “అయ్యగారూ, మా నాన్న ఎక్కడ ఉన్నట్టు?” అని ఆదరణ కూడిక ముగిసిన తరువాత కాపరిని పక్కకు పిలిచి అడిగే విశ్వాసికి ఓరిగెను పేరు తెలియదు. అయినా అతడు అడిగినది ఓరిగెను అడిగిన ప్రశ్నే. 1552లో ఫ్రాన్సిస్ జేవియర్ జపాను పరిచర్యను గూర్చి వ్రాసిన లేఖలో, అక్కడి క్రొత్త విశ్వాసులు తమ పితరుల గతిని తలచి దుఃఖించిన సంగతి తెలియజేశాడు. సువార్త క్రొత్తగా ప్రవేశించిన ప్రతి దేశంలోను ఈ కన్నీరు ఉన్నది. దీనిని తేలికగా తీసుకునే వేదాంతం కాపరులకు పనికిరాదు.

2. తెలుగు మాటలు మోసుకొచ్చే అర్థాలు

లేఖనాలలోనికి వెళ్ళకముందు మన చేతిలోని తెలుగు బైబిలు పదజాలాన్ని గమనించాలి. ఈ చర్చలో చాలా తికమక అక్కడే మొదలవుతున్నది.

హెబ్రీ భాషలోని షియోల్, గ్రీకులోని హేడెస్ అనే మాటలకు మన పాత అనువాదం సాధారణంగా 'పాతాళము' అని వాడింది. రెండవ పేతురు 2:4లోని టార్టరస్‌కు కూడా 'పాతాళ లోకము' అనే వాడింది. మూలంలో మూడు వేర్వేరు మాటలు తెలుగు పాఠకునికి ఒకటే అయ్యాయి. మరోవైపు, ప్రకటన 20వ అధ్యాయంలో హేడెస్ ఒక వచనంలో పాతాళలోకం, మరుసటి వచనంలో మృతుల లోకం. అంటే మూలంలో ఒకటైన మాట తెలుగులో రెండయ్యింది. గెహెన్నాకు 'నరకము' అనే మాట వచ్చింది. పౌరాణిక పాతాళం శిక్షాస్థలం కాదు. అది బలిచక్రవర్తి, నాగులు నివసించే అధోలోకం. ఇక నరకమంటే, మన చుట్టూ ఉన్న సమాజంలో, యముడు, చిత్రగుప్తుడు, గరుడపురాణం గుర్తుకొస్తాయి. ఆ నరకం నిత్యమైనది కాదు. కర్మఫలం తీరేవరకు అనుభవించి జీవుడు తిరిగి జన్మిస్తాడు.

అగ్నిగుండం విషయం కూడా ఇంతే. గ్రీకు మూలంలోని మాటకు సరస్సు అని అర్థం. తెలుగు శ్రోతకు గుండం అనగానే జాతరలో భక్తులు తొక్కే నిప్పుల గుండం కళ్ళముందు నిలుస్తుంది. ఆ గుండంలో ఒకవైపు దిగినవాడు రెండవవైపుకు దాటి వస్తాడు. అది దాటిపోయే అగ్ని.

కాబట్టి శిక్ష కొంతకాలమే ఉంటుందనే భావన తెలుగు విశ్వాసికి పాశ్చాత్య గ్రంథాల నుండి రానక్కరలేదు. నరకం అనే మాటలోనే అది దాగి ఉన్నది. దీనివలన రెండు జాగ్రత్తలు అవసరం. తెలుగులో సార్వత్రిక రక్షణను బోధించేవారు, వినేవారికి తమ మాట సులువుగా రుచిస్తున్నదంటే అది లేఖన బలమా, లేక పాత పరిచయమా అని ప్రశ్నించుకోవాలి. దానిని ఖండించేవారు, తాము వర్ణించే నరకంలో యేసు చెప్పినది ఎంత, గరుడపురాణం నుండి వచ్చి కలిసినది ఎంత అని వేరుచేసి చూసుకోవాలి. నూనె కాగులు, ఇనుప మేకులు సువార్తలలో లేవు.

3. 'అందరు', 'సమస్తము' అనే వాక్యభాగాలు

సార్వత్రికవాదులు చూపే వాక్యభాగాలు కల్పితాలు కావు. రోమా 5:18 ఆదాము ద్వారా వచ్చిన శిక్షావిధికి, క్రీస్తు ద్వారా వచ్చిన నీతికి ఒకే విస్తారం చూపుతున్నది. 1 కొరింథీ 15:22 ఆదామునందు మరణించేవారిని, క్రీస్తునందు బ్రదికింపబడేవారిని ఒకే మాటతో పోల్చుతున్నది. రోమా 11:32 దేవుడు అందరినీ కరుణించడానికే అందరినీ అవిధేయత క్రింద మూసివేశాడని చెబుతున్నది. 1 తిమోతి 2:4 దేవుని ఇష్టాన్ని, 4:10 ఆయన సర్వమానవ రక్షకత్వాన్ని తెలుపుతున్నవి. కొలొస్సయి 1:20 పరలోక భూలోకాలలోని సమస్తము సిలువ రక్తం ద్వారా సమాధానపరచబడుటను గూర్చి మాట్లాడుతున్నది. ఈ వచనాలను చదవకుండా దాటిపోయే సువార్తిక బోధ పూర్ణమైన బోధ కాదు.

ఇక్కడ తెలుగు వ్యాకరణం మనకు ఒక మేలు చేస్తున్నది. ఇంగ్లీషులో మనుష్యులకూ వస్తువులకూ ఒకే 'ఆల్' సరిపోతుంది. తెలుగులో 'అందరు' వేరు, 'అన్ని' వేరు. గ్రీకులోను ఈ భేదం చాలాచోట్ల లింగాన్ని బట్టి తెలుస్తుంది. మన అనువాదం రోమా 5:18లో మనుష్యులను చెప్పి, కొలొస్సయి 1:20లో 'సమస్తమును' అని, అపొస్తలుల కార్యములు 3:21లో 'అన్నిటికి' కుదురుబాటు అని భేదం చూపింది. ఈ కుదురుబాటు అనే మాటకు మూలం అపోకటాస్టాసిస్. ఓరిగెను వాదానికి పేరు తెచ్చిన మాట ఇదే. అక్కడ పేతురు మాట్లాడుతున్నది ప్రవక్తలు ముందుగా చెప్పినవన్నీ నెరవేరే కాలాన్ని గూర్చి. ఆ వెంటనే, 23వ వచనంలో, ఆ ప్రవక్త మాట విననివాడు ప్రజలలో ఉండకుండా నాశనమవుతాడని చెప్పాడు. ఒకే ప్రసంగంలోని రెండు మాటలను విడదీయరాదు.

అయితే వ్యాకరణంతోనే ఈ చర్చ ముగియదు. కొలొస్సయి పత్రికలో 'సమస్తము'లో ప్రధానులు, అధికారులు కూడా ఉన్నారని 1:16 చూపుతున్నది. నపుంసక లింగంలో ఉన్నంత మాత్రాన మనుష్యులు, ఆత్మలు అందులో లేరని చెప్పలేము. నిజమైన ప్రశ్న సమాధానపరచడం ఎలా జరుగుతుందనేది. 2:15లో అవే ప్రధానులను క్రీస్తు నిరాయుధులను చేసి, సిలువచేత జయోత్సవంతో వేడుకకు కనబరచినట్టు పౌలు వ్రాశాడు. ఇది స్నేహితులైనవారి చిత్రం కాదు, లోబరచబడిన శత్రువుల చిత్రం. పైగా 1:23లో, విశ్వాసమందు నిలిచియుంటేనే అనే షరతు కొలొస్సయులకు ఉన్నది. కాబట్టి సృష్టి అంతటా శాంతి నెలకొంటుందని ఈ వాక్యభాగం నిశ్చయంగా చెబుతున్నది. ప్రతి ఒక్కరూ రక్షణానందంలో పాలుపొందుతారని దీనినుండి తీయాలంటే, వాక్యం చెప్పనిదాన్ని కలపాలి.

రోమా 5లోను 17వ వచనం కృపను, నీతిదానాన్ని పొందేవారిని గూర్చి మాట్లాడుతున్నది. 1 కొరింథీ 15:22 తరువాత 23వ వచనం క్రీస్తువారైనవారిని చెప్పి, 25వ వచనం ఆయన పాదాల క్రింద ఉంచబడే శత్రువులను చెప్పింది. 1 తిమోతి 4:10 దేవుడు అందరికీ రక్షకుడని చెప్పి, విశ్వాసుల విషయంలో 'విశేషముగా' అనే మాట చేర్చింది. అందరి రక్షణా ఒకేరీతిగా ఉంటే ఆ మాటకు పని లేదు.

అయినా ఒక్క బలమైన ప్రశ్న మిగిలే ఉన్నది, దానిని దాచరాదు. 1 కొరింథీ 15:26 చివరి శత్రువైన మరణం నశిస్తుందని, 28వ వచనం దేవుడు సర్వంలో సర్వంగా ఉంటాడని చెబుతున్నవి. రెండవ మరణం నిత్యం నిలిచి ఉంటే మరణం నశించినట్టు ఎలా అవుతుంది? మరణమే అగ్నిగుండంలో పడవేయబడిందని ప్రకటన 20:14 చెప్పడం ఒక జవాబు. కాని ఆ వచనమే ఆ గుండాన్ని రెండవ మరణం అంటున్నది. పౌలు ఆశ, యోహాను దర్శనం ఒకదానిలో ఒకటి సులువుగా ఇమడవు. రెండింటినీ లేఖనంగా అంగీకరించేవాడు ఈ బరువును మోయవలసిందే.

4. 'నిత్య' మరియు 'శిక్ష'

మత్తయి 25:46 ఈ చర్చకు కేంద్రం. నిత్యజీవం, నిత్యశిక్ష అనే రెండు చోట్లా 'అయోనియోస్' అనే విశేషణమే ఉన్నది. జీవం అంతులేనిదైతే శిక్ష కూడా అంతులేనిదే అని అగస్టీను 'దేవుని పట్టణము' 21వ పుస్తకంలో వాదించాడు. నేటికీ మన ప్రసంగాలలో ఎక్కువగా వినబడేది ఈ వాదమే. హార్ట్ తన అనువాదంలో ఈ విశేషణాన్ని రాబోయే యుగానికి సంబంధించినదిగా తీసుకుంటాడు.

అగస్టీను వాదం మనం అనుకున్నంత బలమైనది కాదని విద్యార్థులు తెలుసుకోవాలి. రోమా 16:25-26లో ఈ విశేషణం వెంటవెంటనే రెండుసార్లు వచ్చింది. ఒకచోట మర్మం దాచబడిన కాలాలకు, మరొకచోట దేవునికి. ఆ కాలాలు ముగిసాయి, దేవుడు ముగిసేవాడు కాడు. యూదా 7లో సొదొమకు వచ్చిన నిత్యాగ్ని నేడు మండుతూ లేదు. కాబట్టి విశేషణం ఒక్కదానిమీద సిద్ధాంతమంతా నిలబెట్టరాదు. అయితే మత్తయి 25:46 ఒకే వాక్యంలో రెండు గతులను సమతూకంగా నిలిపింది. ఒకవైపు తాత్కాలికం, మరొకవైపు నిత్యం అని చెప్పాలంటే ఆ భారం అలా చెప్పేవారిమీదనే ఉంటుంది.

ఇక 'శిక్ష'. మూలంలో కొలాసిస్. దండింపబడేవాని మేలు కోసం చేసేది కొలాసిస్, దండించేవాని తృప్తి కోసం చేసేది టిమోరియా అని అరిస్టాటిల్ భేదం చూపాడు. దీని ఆధారంగా మత్తయి 25:46లోనిది దిద్దుబాటు శిక్షే అని సార్వత్రికవాదులు చెబుతారు. తెలుగులో ఈ వాదం ఇంకా సులువుగా అతుకుతుంది. శిక్ష, శిక్షణ ఒకే ధాతువు నుండి వచ్చినవి. పైగా హెబ్రీ 12లో తండ్రి కుమారునికి చేసే శిక్షకు, మత్తయి 25లోని శిక్షకు మన అనువాదం ఒకే మాట వాడింది. కాని మూలంలో హెబ్రీ 12లోనిది పైదేయా, మత్తయి 25లోనిది కొలాసిస్. తెలుగులో ఒకటిగా కనబడినంత మాత్రాన రెండింటినీ కలిపి ప్రసంగించడం తగదు. అంతేగాక, క్రొత్త నిబంధన కాలానికి అరిస్టాటిల్ చూపిన భేదం వాడుకలో నిలవలేదు. రెండవ శతాబ్దపు 'పాలికార్పు హతసాక్ష్యం' నిత్యమైన కొలాసిస్‌ను గూర్చి మాట్లాడినప్పుడు, హతసాక్షులు తప్పించుకోగోరే భయంకర దండననే చెప్పింది. దానిలో దిద్దుబాటు ధ్వని లేదు.

మా అభిప్రాయంలో సార్వత్రికవాదానికి ఎదురు నిలిచే అత్యంత బలమైన వచనాలు వేరేచోట ఉన్నాయి. తన్ను అప్పగించే మనిషి పుట్టియుండకపోతేనే అతనికి మేలని ప్రభువు మార్కు 14:21లో అన్నాడు. ఎన్ని యుగాల తరువాతైనా ఆ మనిషి అంతులేని ఆనందంలో ప్రవేశించేటట్లయితే, పుట్టకపోవడం మేలని ఎలా చెప్పగలము? అలాగే మత్తయి 12:32 పరిశుద్ధాత్మకు విరోధమైన మాటకు ఈ యుగంలోను, రాబోయే యుగంలోను క్షమాపణ లేదని చెబుతున్నది. ఈ రెంటికీ హార్ట్ వంటి సమర్థులు ఇచ్చే జవాబులు మమ్మును ఒప్పించలేదు.

5. హార్ట్ వాదంలో బలం, లోపం

హార్ట్ గ్రంథం నాలుగు ధ్యానాలుగా సాగుతుంది. శూన్యం నుండి సృష్టించిన దేవుడు చివరి ఫలితానికి బాధ్యుడు, కాబట్టి ఆయన మంచివాడైతే అందరినీ రక్షిస్తాడు అనేది మొదటిది. రెండవది లేఖనపు తీర్పును గూర్చినది. మూడవది వ్యక్తి అంటే ఏమిటి అనేది. నాల్గవది స్వాతంత్ర్యాన్ని గూర్చినది: నిజంగా స్వతంత్రుడైనవాడు తన మేలైన దేవుని నిత్యం తిరస్కరించలేడు.

వీటిలో మూడవది మన కుటుంబాలను సూటిగా తాకుతుంది. ఏ మనిషీ ఒంటరిగా మనిషి కాడు. తల్లిని తల్లిగా చేసినది బిడ్డ. ఆ బిడ్డ నశించి, తల్లి పరలోకంలో ఆనందించాలంటే ఆమె బిడ్డను మరచిపోవాలి, లేదా ఆ బాధ తెలియనిదైపోవాలి. అప్పుడు రక్షింపబడినది ఆ తల్లేనా అని హార్ట్ అడుగుతాడు. ఇంటిపేరు, వావివరుసలు, మేనరికాలు మధ్య పెరిగిన తెలుగువారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. పాశ్చాత్య సువార్తిక బోధ రక్షణను ఒక్కొక్క ఆత్మ వ్యవహారంగా చూపినచోట, అపొస్తలుల కార్యములు 16లోని చెరసాల నాయకుని ఇంటివారందరినీ గుర్తుచేసి హార్ట్ మనకు మేలే చేస్తున్నాడు. పౌలు కూడా రోమా 9:3లో తన బంధువుల కోసం తాను శాపగ్రస్తుడవడానికైనా సిద్ధపడ్డాడు. ఆ వేదన లేకుండా నరకాన్ని ప్రసంగించేవాడు పౌలు మార్గంలో లేడు.

కాని లోపం కూడా ఇక్కడే ఉన్నది. పౌలు ఆ వేదన నుండి తన బంధువులు తప్పక రక్షింపబడతారనే తర్కాన్ని తీయలేదు. 10:1లో ప్రార్థనకు దిగాడు, 10:14లో ప్రకటించేవాని అవసరాన్ని చెప్పాడు. 11వ అధ్యాయం చివర అందరిమీద కరుణను చూచి, దేవుని తీర్పులు శోధింపశక్యం కానివని స్తుతించాడు. హార్ట్ తర్కంతో తేల్చినచోట పౌలు మోకరించాడు. స్వాతంత్ర్యం విషయంలోను ఇంతే. చెడును ఎన్నుకొనేవాడు అజ్ఞాని లేక బానిస అని హార్ట్ చెప్పినది చాలావరకు నిజమే. అయితే యోహాను 3:19 వెలుగు వచ్చిన తరువాతనే చీకటిని ప్రేమించినవారిని గూర్చి మాట్లాడుతున్నది. వెలుగు వస్తే అందరూ వెలుగునే కోరుతారనే భరోసా ఆ సువార్తలో లేదు.

6. తీర్పు ఎవరికి శుభవార్త?

ఈ వాదనలో పాశ్చాత్య గ్రంథాలు తరచుగా మరచే ఒక పక్షం ఉన్నది. అది బాధితుని పక్షం. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులు చంపబడ్డారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలుశిక్ష విధించింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టివేసింది. మన సంఘాలలో అధిక సంఖ్యాకులు ఇటువంటి గాయాలు ఎరిగిన ప్రజల నుండి వచ్చినవారే. వారికి, అంతిమ తీర్పు అనేది భయపెట్టే బోధగా కాక, ఎక్కడా దొరకని న్యాయం ఒకనాడు దొరుకుతుందనే వాగ్దానంగా వినబడుతుంది. ప్రకటన 6:10లో బలిపీఠం క్రింద ఉన్నవారు ఎంతకాలం అని అడిగినది ఇదే. అందరూ ఎలాగూ రక్షింపబడతారు అని తేలికగా చెప్పే బోధ ఆ మొరను మూసివేస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే హార్ట్ గాని, నిస్సా గ్రెగరీ గాని తీర్పును త్రోసివేయలేదు. శుద్ధిచేసే అగ్ని భయంకరమైనదని వారు ఒప్పుకుంటారు. కాబట్టి ఈ వాదం చవకబారు సార్వత్రికవాదాన్ని మాత్రమే పడగొడుతుంది. బాధితుడు కూడా తన శత్రువు అంతులేని బాధను కోరనక్కరలేదు. సత్యం బయటపడి, దోషి దానిని ఒప్పుకోవడం అతనికి చాలవచ్చు. కాని దోషి ఒప్పుకొనకపోతే? ఆ అవకాశాన్ని లేఖనం తెరచియుంచింది. సార్వత్రికవాదం దానిని మూసివేస్తున్నది. మా విమర్శ ఇదే.

7. సంఘం ఏమన్నది?

543లో జస్టీనియను చక్రవర్తి ఓరిగెను బోధలను ఖండిస్తూ శాసనం చేశాడు. 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ పేరుతో వచ్చిన ఖండనలు నిజంగా ఆ సభవేనా అనే విషయంలో పండితులకు భిన్నాభిప్రాయాలున్నాయి. నిస్సా గ్రెగరీని మాత్రం సంఘం ఖండించలేదు, పితరునిగానే గౌరవించింది. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 17వ అధికరణం శిక్షకు అంతముంటుందనే బోధను నిరాకరించింది. మన లూథరన్ సంఘాలకు ఇది నేటికీ ప్రమాణమే. బ్రదరెన్ రచయితలలో ఎఫ్. డబ్ల్యు. గ్రాంట్ 1879లో మరణానంతర స్థితిపై వ్రాసిన గ్రంథం, సార్వత్రిక పునరుద్ధరణ వాదాన్ని, దుష్టులు పూర్తిగా లయమవుతారనే వాదాన్ని రెండింటినీ ఎదిరించింది. ఇరవయ్యవ శతాబ్దంలో కార్ల్ బార్త్ అందరి రక్షణను సిద్ధాంతంగా చెప్పడానికి ఒప్పుకోలేదు, దేవుని కృపకు హద్దు గీయడానికీ ఒప్పుకోలేదు. అందరి కోసం నిరీక్షించవచ్చు గాని నిశ్చయంగా ప్రకటించరాదని హాన్స్ ఉర్స్ వాన్ బాల్తసార్ 1986లో వ్రాశాడు. ఈ చివరి ఇద్దరి జాగ్రత్త మనకు ఉపయోగకరమైనదని మేము తలంచుచున్నాము.

8. కాపరులకు కొన్ని మాటలు

లూకా 13వ అధ్యాయాన్ని కోనసీమ కాపరులు మరల చదవాలని మా మనవి. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమంది ఇతరులకంటె పాపులా అనే ప్రశ్నకు ప్రభువు కాదని జవాబిచ్చి, వినేవారిని మారుమనస్సుకు పిలిచాడు. అదే అధ్యాయం 23వ వచనంలో, రక్షణ పొందేవారు కొద్దిమందేనా అని ఒకడు అడిగాడు. ప్రభువు కొద్దిమంది అనలేదు, అందరూ అనలేదు. ఇరుకు ద్వారాన ప్రవేశించడానికి పోరాడమని అడిగినవానితో చెప్పాడు. రెండుసార్లూ, ఇతరుల గతిని గూర్చిన ప్రశ్న అడిగినవారి వైపుకే తిరిగింది. ఆ తరువాత 29వ వచనంలో తూర్పునుండి, పడమటనుండి, ఉత్తరం నుండి, దక్షిణం నుండి వచ్చి దేవుని రాజ్యంలో కూర్చునేవారిని చూపాడు. ద్వారం ఇరుకే, పంక్తి మాత్రం విశాలం.

1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి నుండి ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 1996 నవంబరు 6 నాటి తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి ఇరవైమంది వరకు మరణించారు. అగ్నిని గూర్చి, జలాలను గూర్చి ప్రసంగించడానికి ఈ ప్రాంతంలో ఉదాహరణలకు కొదువ లేదు. అందుకే జాగ్రత్త అవసరం. నిజంగా కాలి చనిపోయినవారి ఇంటివారు బల్లలమీద కూర్చుని ఉండగా, ఆ మంటను నరకానికి బొమ్మగా వాడడం లూకా 13లో ప్రభువు నిషేధించిన పనికి చాలా దగ్గర.

భూస్థాపన కూడికలో కాపరి ఏమి చెప్పాలి? మృతుడు విశ్వాసియైతే 1 థెస్సలొనీకయ 4వ అధ్యాయపు నిరీక్షణను నిస్సంకోచంగా ప్రకటించాలి. మృతుని విశ్వాసం మనకు తెలియనప్పుడు, అతడు పరలోకంలో ఉన్నాడని చెప్పి ఆదరించనక్కరలేదు, నరకంలో ఉన్నాడని చెప్పి బ్రతికినవారిని భయపెట్టి పిలుపు ఇవ్వనక్కరలేదు. సర్వలోకానికి తీర్పరి న్యాయమే చేస్తాడని ఆదికాండము 18వ అధ్యాయంలో అబ్రాహాము నమ్మినది చాలు. సిలువమీద చివరి గడియలో ఒక దొంగ పలికిన మాటను అతని ఇంటివారు విన్నారో లేదో మనకు తెలియదు. ప్రభువు మాత్రం విన్నాడు.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు కూడా ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతాన్ని, తరువాతి సవరణలను బట్టి 1956 నుండి సిక్కు మతాన్ని, 1990 నుండి బౌద్ధాన్ని అవలంబించేవారికే షెడ్యూల్డు కులాల హోదా ఉన్నది. అందుచేత క్రీస్తును హృదయమందు నమ్మి, బాప్తిస్మానికి గాని, సంఘ పట్టీలో పేరుకు గాని వెనుకాడేవారు ఉన్నారు. బహిరంగ ఒప్పుకోలును రోమా 10:9 అడుగుతున్నది. దానిని మనం తగ్గించరాదు. కాని సర్టిఫికెట్టులోని మాటను చూచి ఒకని నిత్యత్వాన్ని నిర్ణయించే పని మనది కాదు. చాటుగా నమ్మిన అరిమతయియ యోసేపు ప్రభువు దేహాన్ని అడగడానికి ధైర్యం తెచ్చుకున్నది ఆయన మరణించిన తరువాతనే.

అందరూ రక్షణ పొందవలెననేది దేవుని ఇష్టమని 1 తిమోతి 2:4 చెబుతుండగా, అదే అధ్యాయం మొదటి వచనం అందరి కొరకు ప్రార్థించమని ఆజ్ఞాపిస్తున్నది. ఆ రెంటి మధ్యనే కాపరి నిలబడవలసిన స్థలం ఉన్నది. అందరూ రక్షింపబడతారని నిశ్చయించుకున్నవానికి రేవు దాటి వెళ్ళి సువార్త చెప్పే తొందర ఉండదు. ఎవరు నశించారో తనకు తెలుసని అనుకొనేవానికి వారి కొరకు కన్నీటితో ప్రార్థించే మనసు ఉండదు. తెలియదని ఒప్పుకొని, పేరుపేరున ప్రార్థిస్తూ, ఇంటింటికి వెళ్ళే కాపరినే ఈ గ్రామాలు కోరుతున్నాయి. వాక్యము మనకు అప్పగించిన పని కూడా అదే.